నెగెటివ్ నుంచి పెద్ద ఫోటో కొట్టించాలంటే ఎంత డీపీఐల స్కాన్ చెయ్యాలె

పాత పెండ్లి నెగెటివ్‌లు సందుగల నుంచి బయటకు తీసినోళ్లు మొదట అడిగేది ఒకటే, అన్నా ఎంత డీపీఐల (ఇంచుకు ఎన్ని చుక్కలు, అంటే పిక్సెల్స్, అనే లెక్క) స్కాన్ చేయించాలె అని. దీనికి ఉత్తగ ఒక నంబర్ చెప్పేస్తే పనికి రాదు. ఫోటో ఎంత సైజు కొట్టిస్తున్నరు, గోడ మీద పెట్టినంక ఎంత దూరం నుంచి చూస్తరు, నెగెటివ్ ఏ సైజుది, ఈ మూడు తెలిస్తే డీపీఐ లెక్క దానంతట అదే వస్తది. చాలామంది ఉల్టా చేస్తరు, ముందు స్కానర్ డబ్బా మీద పెద్ద నంబర్ చూసి కొంటరు లేదంటే లాబ్‌ల "హైయెస్ట్ కొట్టు భాయ్" అంటరు, తర్వాత ఒక్కో ఫైలు వందల ఎంబీ వచ్చి లాప్‌టాప్ పండుకుంటది, ఫోటో మాత్రం ముందు ఎట్లుండెనో అట్లనే ఉంటది.

ముందు గోడ కాడికెల్లి మొదలువెడదాం. మంచి చూపున్న కన్ను ఎంత చిన్న చుక్కను విడిగ గుర్తుపడ్తది అనేదానికి ఒక మోటు లెక్క ఉంది, 3440 ని మీరు నిలబడే దూరం ఇంచులతోని భాగించండి, వచ్చింది ఇంచుకు ఎన్ని పిక్సెల్స్ ఉంటే సరిపోతదో అది. చేతిల పట్టుకొని అడుగు దూరం నుంచి చూసే ఫోటోకి 287 వస్తది, అందరు 300 డీపీఐ 300 డీపీఐ అనేది ఇందుకే. రెండడుగుల దూరంల 143, మూడడుగులకు 96, ఆరడుగులకు 48 చాలు. అంటే హాల్‌ల సోఫా వెనక గోడకు కట్టే 20×30 ఇంచుల ఫోటోకి 300 డీపీఐ కావాల్నని ఎవరన్న అంటే వాళ్లు గోడకు ముక్కు ఆనిచ్చి చూస్తరేమో అనుకోవాలె. కాకపోతే ఒక మాట, మనోళ్లు దగ్గరికొచ్చి "గీ వెనక నిలబడ్డది ఎవరే, చిన్నత్తనా" అని వేలుపెట్టి చూస్తరు, గ్రూప్ ఫోటో అయితే ఖాయంగ చూస్తరు. అందుకని గోడ ఫోటోలకి నేను 150 కి తగ్గను, గ్రూప్ ఫోటోలకి 200, చేతిల పట్టుకొని చూసే ఆల్బమ్ షీట్‌కి 250 నుంచి 300.

ఇగ నెగెటివ్ దిక్కు వద్దాం. మామూలు 35 ఎంఎం రీలుల ఒక్కో ఫోటో 24×36 మిల్లీమీటర్లు ఉంటది, పొడుగు సైడు ఇంచులల్ల 1.42. కొట్టించే ఫోటో పొడుగును దీంతోని భాగిస్తే ఎన్నింతలు పెద్దగ చేస్తున్నమో తెలుస్తది, దాన్ని గోడ డీపీఐతోని గుణిస్తే స్కాన్ డీపీఐ వచ్చేస్తది, అంతే లెక్క. 12×18 అంటే 12.7 ఇంతలు, 200 కి 2540 కావాలె, 300 కి అయితే 3810. 16×24 అంటే దాదాపు 17 ఇంతలు, 150 కి 2540, 200 కి 3390. 20×30 ని 150 తోని కొట్టిస్తే 3175 కావాలె. 24×36 ఇంచుల ఫోటో అంటే సరిగ్గ 25.4 ఇంతలు, దీనికి 150 కావాలంటే మళ్ల 3810, 100 తోని సర్దుకుంటే 2540.

2540 ఊకె ఊకె వస్తుందని గమనించే ఉంటరు. ఇది గుర్తుపెట్టుకోనికి మస్తు సులువైన నంబర్, ఎందుకంటే 2540 డీపీఐ అంటే మిల్లీమీటర్‌కి కరెక్టుగ 100 పిక్సెల్స్. నెగెటివ్ మీద స్కేలు పెట్టి ఎన్ని మిల్లీమీటర్లు ఉందో చూసి పక్కన రెండు సున్నాలు పెడితే పిక్సెల్స్ వచ్చేస్తయి, 36 మిల్లీమీటర్లకి 3600, 24 కి 2400. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

ఇంకోటి, 35 ఎంఎం ఫోటో వెడల్పు పొడుగు లెక్క 2:3 కాబట్టి 12×18, 16×24, 20×30 కి మొత్తం ఫ్రేమ్ సరిపోతది, 16×20 అంటే సైడుకు నిలబడ్డ మేనమామ కట్ అవుతడు, ఫ్రేము షాపాయన రెడీమేడ్ ఫ్రేమ్ ఉందని 16×20 అంటగడ్తడు, ఒప్పుకోకండి.

ఇప్పుడు అసలు లొల్లి స్కానర్ల కాడ. డబ్బా మీద రాసే డీపీఐ వేరు, మిషన్ నిజంగ పట్టే డీటెయిల్ వేరు. ఎప్సన్ వీ600 మీద 6400 అని ఉంటది, టెస్ట్ చార్ట్ పెట్టి కొలిచినోళ్లకి నిజంగ దొరికింది సుమారు 1500 నుంచి 1600 మాత్రమే. దాని పెద్దన్న వీ850 సుమారు 2300 దాకా వస్తది. ప్లస్టెక్ 8200ఐ 7200 అని చెప్పుకుంటది, నిజం 3200 కి అటు ఇటుగ ఉంటది. పాత నికాన్ కూల్‌స్కాన్ 5000 ఒక్కటి నిజాయితీగల్లది, 4000 అని రాసి దాదాపు అంతే ఇస్తది, కాకపోతే కొత్తవి ఇప్పుడు రావు, సెకండ్ హ్యాండే దిక్కు. సెన్సార్‌ల గళ్లు ఎన్నున్నయో లెక్కవెట్టి డబ్బా మీద వేస్తరు, కాని ముందున్న లెన్స్ అంత సన్నటి గీతను తేలేదు, ఫ్లాట్‌బెడ్‌ల (వీ600, వీ850 లెక్క అద్దం మీద పెట్టి చేసే స్కానర్) అయితే అద్దం ఒకటి అడ్డం, పైగా ఫోకస్ కదలదు. దాని తర్వాత సాఫ్ట్‌వేర్‌ల 9600, 12800 అని కూడా కనపడ్తయి, అది ఇంటర్‌పొలేషన్, అంటే లేని పిక్సెల్స్‌ని సాఫ్ట్‌వేరే ఊహించి నింపుడు, చారుల నీళ్లు పోసి గిన్నె నింపినట్టు, దాన్ని అసలే ముట్టకండి.

అట్లని వీ600 ఉన్నోళ్లు 1600 ల స్కాన్ చెయ్యమని కాదు నేను చెప్పేది. మిషన్ నిజంగ పట్టేదానికి దాదాపు రెండింతలల్ల స్కాన్ చేసి తర్వాత సగానికి తగ్గిస్తే గింజలు (ఫిల్మ్‌ల కనపడే సన్న చుక్కలు) కొంచెం మెత్తబడ్తయి, నాయిస్ తగ్గుతది, ఉన్న డీటెయిల్ మొత్తం వస్తది. వీ600 ల 3200 పెట్టి 1600 కి తగ్గించండి, ప్లస్టెక్ ల అయితే దాని 3200 దొరకాలంటేనే 7200 పెట్టాలె, 69 మెగాపిక్సెల్స్ ఫైలు, 16 బిట్‌ల (రంగుల మెట్లు ఎక్కువ దాచే పద్ధతి) 400 ఎంబీ దాటుతది, సగానికి తగ్గించి దాచుకోండి. ఇరవై ఫ్రేమ్‌లు ఇట్ల చేస్తే సాయంత్రం దాకా అదే పని, అందుకే రీలు మొత్తం ముందు 1200 ల గబగబ స్కాన్ చేసుకొని, అందులకెల్లి గోడకెక్కే ఒకటి రెండు ఫోటోలు ఏరుకొని వాటికే పెద్ద స్కాన్ చెయ్యండి.

వీ600 తోని 35 ఎంఎం నుంచి ఎంత పెద్దగ పోవచ్చు అంటే, నిజమైన 1600 లెక్కల 36 మిల్లీమీటర్లకి 2270 పిక్సెల్స్ దొరుకుతయి. 8×12 కి 189, బాగుంటది. 12×18 కి 126, రెండు మూడు అడుగుల దూరం నుంచి అయితే పరవాలేదు. 20×30 కి 76 కి పడిపోతది, దగ్గరికొస్తే మబ్బుమబ్బుగ కనపడ్తది, దానికి వీ600 వద్దు.

స్కానర్ ఎంత మంచిదైనా నెగెటివ్‌ల లేనిది రాదు కదా. ఫిల్మ్‌ల ఎంత డీటెయిల్ ఉందో మిల్లీమీటర్‌కి ఎన్ని గీతల జంటలు విడిగ కనపడ్తయో దాంతోని కొలుస్తరు, ఆ నంబర్‌ని 50.8 తోని గుణిస్తే డీపీఐ. 50 జంటలుంటే 2540. ఫూజీ వెల్వియా 50 స్లైడ్ ఫిల్మ్‌కి (రంగులు ఉల్టా కాకుండ ఉన్నది ఉన్నట్టు వచ్చే ఫిల్మ్) మామూలు కాంట్రాస్ట్‌ల 80 జంటలు అని కంపెనీ లెక్క, అంటే 4064 డీపీఐ, అది కూడా ట్రైపాడ్ మీద మంచి లెన్స్ పెట్టి ఎఫ్ 8 ల (లెన్స్ రంధ్రం మధ్యరకంగ తెరిచిన సెట్టింగ్) తీస్తేనే. మన ఇండ్లల్ల ఉండేవి ఏంది, పెండ్లి పందిట్ల ఫ్లాష్ పెట్టి చేత్తోని తీసిన 100, 200, 400 స్పీడ్ కలర్ రీళ్లు, లేదంటే మేడారం జాతర పోయినప్పుడు ఆటోఫోకస్ లేని చిన్న కెమెరాతోని గద్దెల కాడ జనం తోసుకుంటుంటే తీసినవి. వీటిల్ల 2000 నుంచి 2500 డీపీఐ దాటి చూస్తే కొత్త డీటెయిల్ ఏం దొరకది, గింజలే పెద్దగ కనపడ్తయి. కాబట్టి ఇంటి నెగెటివ్‌లకు నిజమైన 2500 ఇచ్చే స్కాన్ దొరికితే అక్కడికి ఆగిపోవచ్చు అనేది నా ఖచ్చితమైన అభిప్రాయం, 4000 అనేది ట్రైపాడ్ ఫోటోలకు, సన్న గింజల ఫిల్మ్‌కు ఉంచుకోండి.

నమ్మకం లేకపోతే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. నెగెటివ్‌ని తెల్లటి వెలుతురు మీద పెట్టి భూతద్దంతోని చూడండి, పాత 50 ఎంఎం లెన్స్ ఉంటే దాన్ని తిప్పి పట్టుకొని చూసినా అవుతది. పెండ్లికూతురు పట్టుచీర అంచు పట్టుకోండి, జరీ పోగులు ఒక్కొక్కటి విడిగ కనపడ్తున్నయా, లేక బంగారు రంగు పట్టీ లెక్క కలిసిపోయినయా (నెగెటివ్‌ల రంగు ఉల్టా ఉంటది, అంచు నీలంగ నల్లగ కనపడ్తది, కంగారు పడకండి). ఇప్పుడు ఆ అంచు ఉన్న చిన్న ముక్క వరకే క్రాప్ పెట్టి 1600, 2400, 3200, 4800 ల నాలుగు స్కాన్‌లు తియ్యండి, షార్పెనింగ్ (సాఫ్ట్‌వేర్ అంచులను పదును చేసుడు) బందు పెట్టండి. నాలుగింటిని స్క్రీన్ మీద ఒకే సైజుకు పెంచి పక్కపక్కన పెట్టి చూడండి. 1600 కి 2400 కి తేడా తెలుస్తది, పోగులు విడివడ్తయి. 2400 కి 3200 కి తేడా జర కష్టంగ కనపడొచ్చు. ఏ నంబర్ కాడ పోగులు ఆగిపోయి ఉత్త గింజలు మొదలైనయో అదే మీ నెగెటివ్, మీ స్కానర్ రెండు కలిపిన హద్దు. అన్ని మెత్తగ ఉంటే ఫోకస్ చూసుకోవాలె, నెగెటివ్ వంకర తిరిగి హోల్డర్‌ల ఉబ్బితే మధ్యల ఒకతీరు అంచులకు ఒకతీరు వస్తది, రెండు మూడు రోజులు బరువైన పుస్తకాల కింద పెట్టి చదును చేసినంక స్కాన్ చెయ్యండి.

మన దిక్కు ఎక్కువగ వచ్చే పని ఇంకోటి ఉంది, తాత చనిపోయినంక దండ వెయ్యనీకి ఒక్కని ఫోటో లేకపోతే ఏదో పెండ్లి గ్రూప్ ఫోటోలకెల్లి మొఖం తీసి పెద్దగ చేయించుడు. దీంట్ల లెక్క మారిపోతది, ఎందుకంటే నెగెటివ్ 36 మిల్లీమీటర్లు కాదు ఇగ, తాత భుజాల దాకా ఉన్న ముక్క వెడల్పు మహా అంటే 8 మిల్లీమీటర్లు. దాన్ని 12 ఇంచుల వెడల్పు చెయ్యాలంటే 38 ఇంతలు పెంచాలె, 150 కి 5700 డీపీఐ అడుగుతది, ఏ స్కానర్ పెట్టినా ఆ రీలుల అంత లేదు. 2540 ల తీస్తే 800 పిక్సెల్స్, 12 ఇంచులకి పంచితే 67. నాలుగున్నర అడుగుల అవతల నుంచి చూస్తే 67 సరిపోతది, దండ ఫోటో దర్వాజ మీద ఎత్తుల ఉంటది కాబట్టి నడుస్తది. కాని 8×10 కి తగ్గిస్తే 100 అయితది, ఇంకా నిండుగ ఉంటది, ఇంట్ల పెద్దోళ్లకు ఇది నిదానంగ చెప్పి ఒప్పించండి. ఫోన్‌ల ఏఐ యాప్‌ల పెడితే మొఖం తళతళ మెరుస్తది గాని అది తాత మొఖం కాదు, కండ్లు మూతి కొత్తగ గీసేస్తది, అవ్వ చూసి ఈన ఎవరు అంటది.

నెగెటివే లేదు, ప్రింటు ఒక్కటే ఉంది అంటే ఆశ తగ్గించుకోవాలె. లాబ్‌ల కొట్టిన 4×6 ప్రింటుల ఇంచుకు మహా అంటే 300 డీటెయిల్ ఉంటది, 600 ల స్కాన్ చేస్తే చాలు, 1200 పెడితే కాయితం పీచు వస్తది. దాన్ని 12×18 చేస్తే మూడింతలు, అంటే నిజంగ 100. సిల్క్ పేపర్ ప్రింట్లు అయితే ఫ్లాట్‌బెడ్ లైటుకి గరుకు మొత్తం మెరుస్తది, రెండు దిక్కుల 45 డిగ్రీల లైట్లు పెట్టి కెమెరాతోని కాపీ తీసుడే నయం.

దీనికి పూర్తి ఉల్టా 120 రీళ్లు, అంటే 35 ఎంఎం కంటె వెడల్పు ఫిల్మ్. అగ్ఫా క్లిక్ త్రీ, యాషికా రెండు కండ్ల కెమెరాలు ఉన్న ఇండ్లల్ల, పాత స్టూడియో కవర్లల్ల ఇవి దొరుకుతయి, చదరంగ 56×56 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్‌కి 100 లెక్కల 5600 పిక్సెల్స్, 24×24 ఇంచులకి 233 వస్తది, దర్జాగ కొట్టించుకోవచ్చు. వీ600 నిజమైన 1600 తోని కూడా 3500 దాకా వస్తయి, అదే 24 ఇంచులకి 147. క్లిక్ త్రీ లెన్స్ అంచులల్ల మెత్తగ ఉంటది, యాషికా స్టూడియో నెగెటివ్‌ల మాత్రం కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఇంట్ల ఒకే మనిషివి 35 ఎంఎం, 120 రెండు ఉంటే ఆలోచించకుండ 120 తియ్యండి, డీపీఐ కంటె ఫిల్మ్ సైజు ఎక్కువ పని చేస్తది.

స్లైడ్‌లకు డీపీఐ ఒక్కటే చూస్తే సరిపోదు. రామప్ప గుడి మదనికలను స్లైడ్ ఫిల్మ్ మీద తీసినోళ్లకు తెలుస్తది, నల్లరాయి, ఎండ ఒక దిక్కు నీడ ఒక దిక్కు, నీడల ఉన్న చెక్కడం స్లైడ్‌ల చిక్కగ నల్లగ ఉంటది, చిన్న ఫ్లాట్‌బెడ్ దాంట్లకెల్లి వెలుతురు లాగలేక రంగు రంగుల చుక్కలు పెడ్తది. దీనికి డెడికేటెడ్ ఫిల్మ్ స్కానర్ (ప్లస్టెక్, కూల్‌స్కాన్ లెక్క ఫిల్మ్ కోసమే చేసిన మిషన్) లేదా కెమెరా స్కానింగే మంచిది, 16 బిట్ తప్పనిసరి. కలర్ నెగెటివ్‌లకు ఈ బాధ తక్కువ.

కెమెరా స్కానింగ్ అంటే నెగెటివ్‌ని మాక్రో లెన్స్‌తోని (చిన్న వస్తువులను బాగ దగ్గర నుంచి తీసే లెన్స్) ఫోటో తీసుడే. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ (సెన్సార్ 35 ఎంఎం ఫ్రేమంత ఉండే) కెమెరాల నెగెటివ్ నిండుగ పడితే 6000 పిక్సెల్స్, 36 మిల్లీమీటర్లకి పంచితే 4200 డీపీఐ అవుతది, చుట్టు కొంచెం జాగ వదిలితే 3800, 3900. ఇప్పటికే కెమెరా ఉన్నోళ్లు స్కానర్ కొనేముందు ఇది చూడండి, ఇంట్ల నెగెటివ్‌లు వందల కొద్ది ఉంటే టైం కూడా మిగులుతది. ఎఫ్ 8 దాటొద్దు, ఇంత దగ్గరల ఎఫ్ 16 పెడితే మొత్తం మెత్తబడ్తది. కెమెరా నెగెటివ్‌కి సమానంగ ఉందో లేదో చూడనికి నెగెటివ్ పెట్టే జాగల చిన్న అద్దం పెట్టండి, లెన్స్ తన మొఖం తాను సరిగ్గ మధ్యల చూసుకుంటే సెట్ అయినట్టు. వెలుతురికి ఫోన్ స్క్రీన్ వాడితే నెగెటివ్‌ని దాని మీద ఆనిచ్చి పెట్టొద్దు, స్క్రీన్ చుక్కలు పడ్తయి, మధ్యల పాల రంగు యాక్రిలిక్ షీట్ పెట్టి కొన్ని సెంటీమీటర్లు పైకి లేపండి.

హన్మకొండల గాని కరీంనగర్‌ల గాని లాబ్‌కి ఇచ్చి చేయించేటోళ్లు "హై రిజల్యూషన్" అని చెప్పొద్దు, ఆ మాటకు ఒక్కో కౌంటర్ల ఒక్కో అర్థం ఉంది. 35 ఎంఎం ఫ్రేముకి కనీసం 3600×2400 పిక్సెల్స్ కావాలె, టిఫ్ ఫైలు (జేపెగ్ లెక్క డీటెయిల్ పోగొట్టనిది) కావాలె, షార్పెనింగ్ వద్దు అని చెప్పండి. ఏ మిషన్‌ల చేస్తరో అడగండి, ఫ్లాట్‌బెడ్ అంటే మీ లెక్క మీరు వేసుకోండి. ఒక ఫ్రేము చేయించి ఇంటికి తెచ్చి చూసినంకనే మిగతావి ఇవ్వండి. ఫిల్మ్ క్లీన్ చేసి ఇస్తరా అని కూడా అడగాలె, ఎందుకంటే పెద్ద ఫోటోల పరువు తీసేది ధూళి. 0.1 మిల్లీమీటర్ ధూళి చుక్క 24×36 ఫోటోల రెండున్నర మిల్లీమీటర్ల మచ్చ అవుతది, అది కూడా నెగెటివ్ కాబట్టి తెల్లగ, సరిగ్గ అమ్మ చెంప మీద. బల్బు బ్లోయర్‌తోని ఊదాలె, నోటితోని ఊదొద్దు, పంచె కొంగుతోని అసలే తుడవొద్దు. ఇన్‌ఫ్రారెడ్‌తోని ధూళి తీసే డిజిటల్ ఐస్ కలర్ నెగెటివ్‌లకు మంచిగ పని చేస్తది, అసలైన వెండి బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి పని చెయ్యది, వెండిని కూడా ధూళే అనుకొని ఫోటోను చెడగొడ్తది, అప్పుడు బందు పెట్టి చేత్తోనే ఒక్కో మచ్చ తుడుచుకోవాలె.

ప్రింటు కాడ. మినీలాబ్‌లల్ల పేపర్ రోల్ సాధారణంగ 12 ఇంచుల వెడల్పే, అందుకే 12×18, 12×36 తోని ఆగుతరు, అంతకు పెద్దది అంటే ఇంక్‌జెట్ మీద ఫోటో పేపర్ లేదా కాన్వాస్. కాన్వాస్ గరుకు కాబట్టి 120 డీపీఐ ఉన్నా దాచేస్తది, గ్లాసీ పేపర్ ఏదీ దాయది. ఫ్లెక్స్ మిషన్ల కొట్టించి ఫ్రేము కట్టించేటోళ్లు కూడా ఉన్నరు, బర్త్‌డే బ్యానర్‌కి అది సరే, ఇంటి గోడకు వద్దు. ఫైలుని కొట్టించే సైజుకు మీరే మార్చి, షార్పెనింగ్ చివర్ల ఒక్కసారే ఇచ్చి పంపండి, స్క్రీన్ మీద చూస్తే జర ఎక్కువైంది అనిపించినంత ఇస్తే కాయితం మీద సరిపోతది. మొత్తం ఫోటో కొట్టించే ముందు అసలు సైజులనే మొఖం ఉన్న భాగం వరకు కట్ చేసి ఒక 4×6 ముక్క మీద కొట్టించుకోండి, ఆ ముక్కను ఫోటో పెట్టబోయే గోడకే టేపు పెట్టి అంటించి, పొద్దున ఒకసారి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఒకసారి సోఫాల కూసొని చూడండి. గింజలు కొట్టొచ్చినట్టు కనపడితే ఒక సైజు తగ్గించండి, కనపడకపోతే ఆర్డర్ ఇచ్చెయ్యండి.